నలభై ఆరేళ్లకు పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్నాను

మా షాపుకు బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు కొలతలు ఇస్తూనే నా నోటివైపు చూసి అడిగేవాళ్లు. "అక్కా, ఈ వయసులో క్లిప్పులు పనిచేస్తాయా? నొప్పి ఉంటుందా? ఎంతవుతుంది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మొదటినుంచీ రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందనిపించింది. 46 ఏళ్లప్పుడు మొదలుపెట్టాను. 48 నిండేసరికి తీగలు తీసేశారు. అనంతపురం సాయినగర్‌లో పళ్ల వరస సరిచేసే డాక్టరు, అంటే ఒక ఆర్థోడాంటిస్ట్ దగ్గర చేయించుకున్నాను. ఆమె నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనే పిలుస్తుంది.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. చిన్నప్పుడు తాగినవన్నీ బోరు నీళ్లే. ఆ నేలలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు అని మన దేశంలో పెట్టుకున్న హద్దు. మా జిల్లాలో చాలా పల్లెల బోర్లు ఆ హద్దు దాటినవే. 1995 తర్వాత సత్యసాయి నీళ్ల పథకం గొట్టాలు వచ్చాక చాలా ఊళ్లకు మంచినీళ్లు అందాయి కానీ, అప్పటికే మా ఈడువాళ్ల పళ్లు పూర్తిగా వచ్చేశాయి. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలవీ నాలాంటి పళ్లే, పసుపు, గోధుమరంగు చారలతో. అది తోమితే పోయే మరక కాదు. పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్న వయసులోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపే, ఎనామిల్‌లో, అంటే పంటి గట్టి పైపొరలో, పడిపోతుంది. పెద్దయ్యాక తాగిన నీళ్లవల్ల కొత్తగా రాదు. ఈ సంగతి చాలామందికి తెలియక ఫ్లోరైడ్ ఉన్న పేస్టు అంటేనే భయపడతారు. పెద్దవాళ్లు తోముకుని ఉమ్మేసే పేస్టుతో ఈ మరకలు రావు, పైగా పళ్లు పుచ్చకుండా కాపాడేది అదే.

నన్ను డాక్టరు దగ్గరికి నడిపించింది ఆ మరకలు కాదు. నలభై దాటాక పై వరుసలో ముందరి రెండు పళ్ల మధ్య సందు పడింది. ఏటేటా అది వెడల్పయ్యింది, పళ్లు ముందుకు వాలాయి. కింది వరుసలో పళ్లు ఒకదానిమీదికి ఒకటి ఎక్కాయి. తోముకుంటే రక్తం. పళ్ల మధ్య సందుంటే అదృష్టమని మావైపు అంటారు. చిన్నప్పటినుంచీ ఉన్న సందు సంగతి వేరు. నలభై దాటాక కొత్తగా పడి పెరుగుతూ పోయే సందు చిగుళ్ల జబ్బుకు గుర్తు. చిగురు కింద ఎముక కరిగితే పన్నుకు పట్టు తగ్గుతుంది, నాలుక తోపుకు, నమిలే ఒత్తిడికి అది పక్కకి జరుగుతుంది. ఇది చదివేవాళ్లలో ఒక్కరికైనా ఇలాంటి సందు పడుతుంటే ఆలస్యం చేయొద్దని నా ప్రార్థన.

ముందు నేను వెళ్లింది వేరే క్లినిక్‌కు. అక్కడ నోరు తెరిపించి ఒక్క నిమిషం చూసి, "ఈ వయసులో క్లిప్పులెందుకమ్మా, ముందున్న నాలుగు పళ్లు గీసి క్యాపులు వేసేస్తాం, మరకలూ పోతాయి, సందూ పోతుంది, వారంలో అయిపోతుంది" అన్నారు. చిగుళ్లు చూడలేదు, ఎక్స్‌రే తీయలేదు. పుచ్చని పళ్లను చుట్టూ అరగదీసి తొడుగులు వేస్తే, అవి ఊగే పళ్లమీదే కదా కూర్చునేది! ఒకసారి అరగదీసిన ఎనామిల్ మళ్లీ రాదు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను. ఆ తర్వాత విచారిస్తే తెలిసింది, పళ్ల డాక్టరు చదువు బీడీఎస్ అయ్యాక ఇంకో మూడేళ్లు పళ్లు సరిచేసే పని మీదే ఎండీఎస్ చదివినవాళ్లు ఉంటారని. వాళ్లే ఆర్థోడాంటిస్టులు. బోర్డుమీద ఆ సంగతి ఉందో లేదో చూసి వెళ్లండి, మొహమాటపడకుండా అడగండి.

కొత్త డాక్టరు మొదటిరోజు నా పళ్లకన్నా ఎక్కువసేపు చిగుళ్లే చూసింది. సన్నటి కొలత కడ్డీ ఒకటి పంటికీ చిగురుకూ మధ్య మెల్లగా దించి, ప్రతి పంటికీ చుట్టూ అంకెలు చెప్తుంటే నర్సమ్మ రాసుకుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురు దగ్గర ఆ కడ్డీ మూడు మిల్లీమీటర్ల లోపే ఆగుతుందట. నాకు ముందు పళ్ల దగ్గర అయిదు, ఒకచోట ఆరు. కొలతలు రాసుకోవడం నా రోజువారీ పని కాబట్టి, ఆ అంకెలు వింటుంటే ఎంత నష్టం జరిగిందో ఎవరూ విడమరిచి చెప్పకుండానే తెలిసిపోయింది. నోరంతా ఒకేసారి కనబడే ఓపీజీ ఎక్స్‌రే, పక్కనుంచి తల ఎక్స్‌రే తీయించింది. షుగరు ఉందా, ఎముకలు గుల్లబారకుండా మాత్రలేమైనా వాడుతున్నావా అని అడిగింది. షుగరు అదుపులో లేకపోతే చిగురు మానదు. ఆ ఎముకల మాత్రల్లో కొన్ని పళ్ల కదలికను అడ్డుకుంటాయి. మూడునెలల షుగరు పరీక్ష చేయించుకున్నాను, హద్దులోనే ఉంది.

"వయసుతో నాకు పనిలేదు అక్కా, అరవై దాటినవాళ్లకూ పెట్టాను. చిగురు బాగుంటే పెడతాను, బాగలేకపోతే ఇరవై ఏళ్ల పిల్లకైనా పెట్టను. వాపు ఉన్న చిగురుమీద పళ్లు కదిపితే ఉన్న ఎముక కూడా పోతుంది" అంది. ఆ మాటమీదే నాకు ఆమెమీద గురి కుదిరింది.

కాబట్టి మొదటి కొన్ని నెలలు క్లిప్పుల ఊసే లేదు. ముందు గార తీశారు. తర్వాత మత్తు ఇచ్చి, రెండు దఫాలుగా చిగురు లోపల వేర్లమీద పేరుకున్న గారను కూడా గీకి శుభ్రం చేశారు. గార తీస్తే పళ్లు వదులవుతాయని మనవాళ్లలో గట్టి నమ్మకం. వదులయ్యేది ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. రాయిలా పట్టుకున్న గార పోగానే అది బయటపడుతుంది, అంతే. ఆ తర్వాత చిగురు గట్టిపడి, ఎర్రదనం పోయి గులాబి రంగుకు తిరిగింది. రక్తం ఆగింది. మళ్లీ కడ్డీ పెట్టి కొలిచి, అంకెలు తగ్గాయని రూఢి చేసుకున్నాకే క్లిప్పులకు రోజు చెప్పింది. నన్నడిగితే ఈ వైద్యంలో అసలు సగం ఇదే.

ఇంట్లో మా అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "కూతురికి సంబంధాలు చూసే ఈడులో నువ్వు పండ్లకు కమ్మీలు కట్టించుకునేదేంది అమ్మీ?" అంది. సందులో మెతుకులు ఇరుక్కుంటున్నాయని, ముందు పళ్లతో జామకాయ కూడా కొరకలేకపోతున్నానని చెప్పాను. అందంగా కనబడాలని కూడా ఉందని చెప్పాను. అందులో దాచుకోవాల్సింది ఏముంది?

క్లిప్పులు అంటించిన రోజు గుర్తుండిపోయింది. పెదాలు వెనక్కి పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం ఒకటి నోట్లో పెట్టారు. ప్రతి పంటిమీదా నీలంరంగు యాసిడ్ జెల్ ఒక చుక్క. మామూలు పళ్లకు అర నిమిషం లోపే చాలట. ఫ్లోరైడ్ పళ్ల పైపొరకు యాసిడ్ తొందరగా పట్టదు, అందుకే నాకు ఎక్కువసేపు ఉంచింది, అంతకుముందు పైపొరను కాస్త గరుకు కూడా చేసింది. కడిగి గాలి కొట్టాక అద్దంలో చూపించింది. జెల్ పెట్టినచోట మెరుపు పోయి సుద్దముక్కలా తెల్లగా అయింది. ఆ తెలుపు సరిగా వస్తేనే జిగురు పడుతుంది. తర్వాత తీగను పట్టి ఉంచే చిన్న ముక్కను, దాన్నే బ్రాకెట్ అంటారు, జిగురు రాసి పట్టకారుతో పంటిమీద పెట్టి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, చుట్టూ పొంగిన జిగురు తీసేసి, నీలం లైటు పట్టింది. ఒక్కో పంటికీ అదే తంతు. మధ్యమధ్యలో బ్రాకెట్లు ఊడొచ్చని ముందే చెప్పింది, మామూలు పళ్లకంటే మన పళ్లకు ఆ బెడద ఎక్కువ. తర్వాత కొన్ని ఊడాయి కూడా, మళ్లీ అంటించింది. మన జిల్లా వాళ్లు క్లిప్పులు పెట్టించుకునేటప్పుడు, ఊడితే అంటించడానికి విడిగా డబ్బు తీసుకుంటారా అని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

మొదటి తీగ నికెల్ టైటానియంది, దారంలాగే వంగుతుంది కానీ తన అసలు ఆకారానికి తిరిగి రావాలని మెల్లగా లాగుతుంటుంది. నోటి వేడికి గట్టిపడుతుంది, చల్లటి నీళ్లు తాగితే కాసేపు మెత్తబడి లాగుడు తగ్గుతుంది. మొదటి రెండుమూడు రోజులు అదే నాకు ఉపశమనం. నొప్పి ఎక్కువైతే పారాసెటమాల్ వేసుకోమంది. ఇబుప్రొఫెన్ లాంటివి వద్దంది, అవి వాపుతోపాటు పన్ను కదలికనూ తగ్గించవచ్చట. చెంప లోపల గీసుకున్నచోట మైనం ముద్ద అద్దుకునేదాన్ని.

పన్ను ఎముకలో ఎలా కదులుతుందో ఆమె చెప్పేదాకా నాకు అంతుపట్టలేదు. తీగ ఒకవైపు నొక్కితే ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. వెనకవైపు ఖాళీ అయినచోట శరీరం కొత్త ఎముక కడుతుంది. ఇదంతా జీవమున్న ఎముకలో జరిగే పని, అందుకే ఏ వయసులోనైనా జరుగుతుంది. మంచి వేగమంటే నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. నాకు ఎముక తక్కువ ఉంది కాబట్టి బలం ఇంకా తక్కువ పెట్టింది. మూడో నెలలో పళ్లు వేలితో ముట్టుకుంటే ఊగేవి. ఊడిపోతాయేమోనని ఒక రాత్రి నిద్రపట్టలేదు. కదిలే పన్ను కాస్త ఊగుతుందని, తర్వాత బిగుస్తుందని ఆమె చెప్పాక కుదుటపడ్డాను. వేర్లు పొట్టిబడుతున్నాయేమో చూడటానికి మధ్యలో ఇంకో ఎక్స్‌రే తీశారు. అడగకుండానే తీశారు. మీ డాక్టరు తీయకపోతే అడగండి.

తిండి సంగతిలో మన సీమవాళ్లకు పెద్ద కష్టం లేదు. సంగటి ఉంది. నమలాల్సిన పనే లేకుండా పప్పులోనో పులుసులోనో ముంచి మింగడమే. ఉగ్గాణి కూడా నానిన బొరుగులే కాబట్టి సరిపోయింది, పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం ముక్కలుగా తుంచుకుని తిన్నాను. శెనక్కాయల ఊరిబిండి మెత్తగా నూరుకున్నాను. వేయించిన శెనక్కాయలు, నిప్పట్లు, చెరకు, ఎండు కొబ్బరి మానేశాను. అనంతపురంలో ఉంటూ శెనక్కాయలు మానడం మాటలు కాదు. జామకాయ, క్యారెట్ సన్నగా కోసుకుని దవడ పళ్లతో నమిలాను. బ్రాకెట్ల చుట్టూ వేసే రబ్బరు రింగులు రంగులేనివి కావాలని మొదటిసారి అడిగాను. మన పసుపు కూరలకు వారం తిరక్కుండానే పచ్చబడ్డాయి. తర్వాతినుంచీ బూడిదరంగువి వేయించుకున్నాను.

పని దగ్గర మార్చుకోవాల్సి వచ్చింది. కుట్టుపని చేసేవాళ్లందరం దారం పళ్లతో కొరుకుతాం, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటాం. నా ముందు పంటి అంచులో సన్నటి నొక్కు ఉంది చూడండి, అది దారం కొరికి కొరికి పడిందే. డాక్టరు ఆ నొక్కు చూసి, "మీరు టైలరా?" అని అడిగింది, నేను చెప్పకముందే. ఆ రోజే చిన్న దారం కత్తెరను నాడాకు కట్టి మిషనుకు వేలాడదీశాను. నా దగ్గర మగ్గం వర్క్ చేసే పిల్లలకు కూడా అలాగే కట్టించాను. ధర్మవరం పట్టుచీరల పెళ్లి బ్లౌజులు ఎక్కువగా వచ్చే రోజుల్లో చెయ్యి తానే నోటి దగ్గరికి పోయేది. ఇప్పుడు పోదు.

శుభ్రం చేసుకోవడం గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్తాను, ఎందుకంటే క్లిప్పులు తీశాక బ్రాకెట్ చుట్టూ తెల్లటి చతురస్రపు మచ్చలతో బయటపడిన పిల్లల్ని ఆ క్లినిక్‌లోనే చూశాను. పాచి నిలిచినచోట ఎనామిల్ పలచబడి ఆ మచ్చ పడుతుంది. నెల అశ్రద్ధ చాలు. రాత్రి నా పద్ధతి ఇది. ముందు నీళ్లు గట్టిగా పుక్కిలించి మెతుకులు పోగొట్టుకునేదాన్ని. తర్వాత మెత్తటి బ్రష్‌ను చిగురువైపు వాల్చి తీగకు పైన ఒకసారి, కింద ఒకసారి. ఆపైన సీసాలు కడిగే బ్రష్‌కు పిల్లలా ఉండే సన్నటి బ్రష్‌ను తీగ కిందనుంచి దూర్చి ప్రతి బ్రాకెట్ పక్కనా. చివరికి లైటు కింద చిన్న అద్దం పట్టుకుని చూసుకోవడం. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి దగ్గరికి రానివ్వకండి, అవి పన్నును అరగదీస్తాయి. వేపపుల్ల క్లిప్పుల సందుల్లోకి పోదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మా వీధిలో ఒకమ్మాయి ఆన్‌లైన్‌లో రబ్బరు బ్యాండ్లు తెప్పించి, ముందు రెండు పళ్లకు చుట్టుకుంటే సందు పోతుందట అక్కా అని చూపించింది. నేను వద్దని చెప్పి, ఆమెను నాతోపాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పన్ను చిగురువైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి, ఆ బ్యాండు జారి చిగురు లోపలికి ఎక్కిపోతుంది. కంటికి కనబడదు. లోపల ఎముకను తినేస్తూ పోతుంది. బాగున్న రెండు పళ్లు అలా పోగొట్టుకున్నవాళ్లున్నారని డాక్టరు చెప్పింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

కింది వరుసలో చోటు కోసం పన్ను పీకుతారేమో అనుకున్నాను. పీకలేదు. సన్నటి ఉప్పుకాగితంలాంటి పట్టీతో పళ్ల పక్కల్ని రుద్ది, రెండు పళ్ల మధ్య అర మిల్లీమీటరు లోపు తీసింది. అన్నీ కలిపితే పక్కకు తిరిగిన పన్ను నిలబడేంత చోటు వచ్చింది. తర్వాత స్టీలు తీగ, పైన సందు మూయడానికి చిన్న గొలుసు రబ్బరు. ఏడాదిన్నర దాటాక సందు మూసుకుంది.

మూసుకున్నాక ఒక సంగతి బయటపడింది. పై రెండు పళ్ల మధ్య, చిగురు దగ్గర, చిన్న నల్ల త్రికోణం. ఎముక తగ్గినచోట చిగురు కిందికి దిగి ఆ మూలను నింపలేదు. ఇది ఉంటుందని డాక్టరు మొదటిరోజే కాగితంమీద గీసి చూపించింది కాబట్టి నాకు దిగులు కలగలేదు. నాలాగా చిగుళ్ల జబ్బు వచ్చి పోయినవాళ్లకు పదహారేళ్ల పిల్ల పళ్లు రావు. గట్టిగా, వరసగా, శుభ్రం చేసుకోగలిగేట్టు ఉన్న మన పళ్లే వస్తాయి. మరకలు కూడా కావాలంటే పైపైన తగ్గించవచ్చంది. నేను వద్దన్నాను. అవి మా ఊరి నీళ్లు ఇచ్చినవి, వాటితో నాకు ఏ పేచీ లేదు.

తీగలు తీసిన రోజే పని అయిపోయిందనుకుంటే మొత్తం శ్రమ వృథా. పంటి చుట్టూ ఉండే నార పోగులు సాగదీసిన ఎలాస్టిక్‌లా వెనక్కి లాగుతుంటాయి. అందుకే నాకు పై పళ్ల వెనకా, కింది పళ్ల వెనకా కనబడకుండా సన్నటి తీగ శాశ్వతంగా అంటించారు. రాత్రిపూట పెట్టుకోవడానికి పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే పారదర్శకమైన తొడుగు (రిటైనర్) కూడా ఇచ్చారు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు ఇది జన్మంతా. రిటైనర్‌ను వేడినీళ్లలో కడిగితే వంకరపోతుంది, చన్నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పెళ్లి భోజనాల్లో కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెడితే ఆకుతోపాటు పోతుంది, డబ్బా వెంట ఉంచుకోండి.

ఖర్చు అడిగినవాళ్లకు: నాకు మెటల్ క్లిప్పులకు 45,000 రూపాయలు, చిగుళ్ల వైద్యం, ఎక్స్‌రేలు విడిగా. వాయిదాల్లో కట్టాను. పంటిరంగు సిరామిక్‌వి, తీసి పెట్టుకునే పారదర్శక తొడుగులు (అలైనర్లు) అంతకంటే ఎక్కువ. అంత పెట్టలేనివాళ్లు కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, కర్నూలులో పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉన్నాయి, అక్కడ అడిగి చూడొచ్చు. కాలేజీల్లో పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. తీరిక ఎక్కువ కావాలి, పిలిచిన రోజు తప్పకుండా వెళ్లాలి.

పిల్లలున్నవాళ్లు నా వయసు వచ్చేదాకా ఆగొద్దు. ఏడేళ్లకల్లా ఒకసారి చూపిస్తే చాలు, క్లిప్పులు అప్పుడే పెట్టరు. మా తమ్ముని కొడుక్కి ఎనిమిదేళ్లు. పై ముందు పన్ను కింది పంటి వెనక్కి పడుతుండేది. తీసి పెట్టుకునే ప్లేటుతో కొన్ని నెలల్లోనే సరిపోయింది. దవడ ఎదుగుతున్న వయసులో కొన్ని పనులు ఇట్టే అయిపోతాయి. ఎదుగుదల ఆగాక అదే దవడ తేడాకు ఆపరేషన్ దాకా పోవాల్సి రావచ్చు.

మా అత్తమ్మ కూడా చివరికి కదిలింది. ఆకు వక్క నమిలి నమిలి ఆమె దవడ పళ్లు మొద్దులుగా మిగిలాయి, పక్కనున్నవి ఖాళీలోకి వాలిపోయాయి. ఒకరోజు తానే వచ్చి, "నీ డాక్టరమ్మ నా పండ్లు చూస్తుందా?" అని అడిగింది. క్లిప్పులు ఆమెకు అక్కర్లేదు. మొద్దులు తీసేసి, ఉన్నవాటికి గార తీసి, కింద పళ్ల సెట్టుకు అచ్చు తీసుకున్నారు. వక్క సగానికి తగ్గించింది, పూర్తిగా మానమని డాక్టరు, నేనూ వెంటపడుతున్నాం. వచ్చే సోమవారం సెట్టు సరిచూసుకోవడానికి పిలిచారు. అదే పూట నా పళ్ల వెనక అంటించిన తీగ కూడా చూపించుకోవాలి, కింద ఒక చివర జిగురు వదిలినట్టు నాలుకకు తగులుతోంది.